అమ్మవారి చీరలకు ఎవరి నంబరు?

జర్మనీలో మన తెలుగువాళ్లు నడుపుకుంటున్న గుడికి నవరాత్రుల కోసం తొమ్మిది పట్టుచీరలు పంపాల్సి వచ్చింది. ధర్మవరంలో నేయించి, అక్కడి పార్శిల్ ఆఫీసులో పెట్టె అప్పగించి హిందూపురం వచ్చేశాను. మరునాడు ఉదయం పూజ ముగించి లేస్తుండగా ఆ ఆఫీసు నుంచి ఫోను. నంబరూ పేరూ కలవడం లేదట. సాయంత్రం నాలుగులోపు సరిచేయకుంటే పెట్టె ఈ వారం విమానానికి అందదు, పాడ్యమికి చీరలు చేరవు. ఏ నంబరో, ఎవరి పేరో ఎన్నిసార్లు విన్నా నాకు తలకెక్కలేదు.

ఎనిమిదింపావుకు పెనుకొండ బస్సెక్కాను. ఆధార్ చూపితే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. గంటకు పైగా పట్టింది. నంబరంటే నా ఎగుమతి కోడే అనుకున్నాను; అది తీసిచ్చిన ఆడిటరు అక్కడే ఉంటారు.

"నీ కోడ్ సరిగ్గానే ఉండాది కదమ్మా. నీ పాన్ నంబరే ఇది."

"పాన్ నంబరే అయితే ఐదు వందలు కట్టి మళ్లీ ఎందుకు తీసుకున్నాం సార్?"

"పాన్ ఉంటే సరిపోదమ్మా, దాన్ని ఎగుమతికి నమోదు చేయించుకోవాల."

తల ఊపాను కానీ అర్థమై కాదు. నాది సరైనదే అయితే తప్పు ఎక్కడుంది?

అక్కడి నుంచి ధర్మవరం చేరేసరికి పన్నెండున్నర దాటింది. బస్టాండు నుంచి ఆటోకు నలభై రూపాయలు. పార్శిల్ ఆఫీసు మస్తాన్ నేను నింపిచ్చిన ఫారం తిప్పి, గుడివాళ్లు పంపితే అందులో రాసిన నంబరు చూపించాడు.

"ఇది నీ నంబరు కాదక్కా, ఆడ సరుకు తీసుకునేవాళ్లది. ఆ దేశం కస్టమ్స్ వాళ్లిచ్చింది. ఈడ ఎవురి పేరు రాసినావు?"

"అమ్మవారిదేనప్పా. చీరలు ఆమెకే కదా."

"అమ్మవారు పోయి కస్టమ్స్‌లో సంతకం పెడ్తాదా?" అని నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు.

గుడి కార్యదర్శి భార్గవికి ఫోను చేశాను. పోయినేడు విగ్రహం తెప్పించుకున్నప్పుడు ఆ నంబరు గుడి నడిపే సొసైటీ పేరున తీసుకున్నామని చెప్పింది. ఇక పేరు మార్చాలి. పెన్ను పట్టుకున్నాను కానీ అమ్మవారి పేరు మీద గీత పెట్టడానికి చెయ్యి రాలేదు.

"కొట్టెయ్యొద్దులేక్కా, కొత్త ఫారం ఇస్తా. పాతది నువ్వే పెట్టుకో" అన్నాడు మస్తాన్.

కొత్త ఫారంలో సొసైటీ పేరు రాసిచ్చాను. మూడుంపావుకు పెట్టె కదిలింది.

ఒక్క పెట్టెకు ఇటు ఒక నంబరు, అటు ఒక నంబరు ఎందుకో నాకింకా పూర్తిగా తెలియదు. చీర అందుకునేది అమ్మవారే అయినా, కస్టమ్స్ గుమ్మం దగ్గర బదులు చెప్పాల్సింది మనుషులే అన్నంతవరకు తెలిసింది. మీరు కూడా పంపేటట్టయితే, చీర మగ్గం దిగకముందే అవతలివాళ్ల కస్టమ్స్ నంబరు ఏ పేరున ఉందో అడిగి, ఆ పేరే అక్షరం మారకుండా ఫారంలో రాయండి.