నోట్లో హరిదళం

తొంభై తొమ్మిది నవంబరులో ఒక మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు, మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి ఇంట్లో ఫోను మోగింది. నేను వంటింటి బల్ల దగ్గర ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతున్నాను. తెలుగు అక్షరాలే నలభై దాటాక నేర్చినదాన్ని, ఇంగ్లీషుకు అరవై పట్టింది. పక్కన, నాతో లైబ్రరీ క్లాసుకొచ్చే చైనా ఆవిడ. వాళ్ల దేశంలో పంతులమ్మ. వాళ్ల భాషలోని ఒక నానుడి గురించి వచ్చీరాని ఇంగ్లీషులో, సైగలతో చెబుతోంది. పూర్వం వాళ్ల కాగితం పసుపుపచ్చగా ఉండేదట. అక్షరం తప్పితే హరిదళమనే పసుపురంగు రాయి నూరి పూసి, దాని మీద మళ్లీ రాసేవారట. తోచింది అనేసి, ఆనక మాట మార్చేవాణ్ణి నోట్లో హరిదళం ఉన్నవాడంటారట.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం హడలిపోతున్న రోజులవి. ఆ హడలే మనవాళ్లకు అన్నం పెట్టింది. మా అల్లుడు ఊళ్లో ట్యుటోరియల్లో లెక్కలు చెప్పినవాడు. బయోడేటాలో మాత్రం ఐదేళ్ల కంప్యూటర్ అనుభవం. ఆ ఐదేళ్లూ పనిచేశానని రాసిన కంపెనీ ఫోను నంబరు ఈ ఇంటిదే. ఫోనొస్తే మేనేజరుగా పలికేది మా అమ్మాయి. అప్పట్లో మనవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఒక మేనేజరు ఉండేవాడు లెండి. నాకు ఇంగ్లీషు రాదన్న ధీమాతో ఈ ఏర్పాటు నాకెవరూ చెప్పలేదు.

అమ్మాయి పెరట్లో బట్టలారేస్తోంది. నేనే ఫోనెత్తాను. మేనేజరు కావాలంది ఒక దొర గొంతు.

"నో మేనేజర్. దిస్ హౌస్. సన్-ఇన్-లా బాత్‌రూమ్," అన్నాను. దొర థాంక్యూ చెప్పి పెట్టేశాడు.

నా గొంతు విని అల్లుడు తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చాడు. "అయిపోయింది! జాబ్ పోయినట్టే! అత్తయ్యగారు కావాలనే చేశారు. నేను బాగుపడటం ఈవిడకి ఇష్టం లేదు!"

బట్టల బుట్టతో అమ్మాయి గుమ్మంలో నిలబడింది. "ఏంటీ? మా అమ్మనేమన్నారు?"

"అబ్బే, నేనేమన్నాను? జనరల్‌గా అన్నానంతే."

ఆ గొడవలోనే బయోడేటా గుట్టు నాకు తెలిసింది. చైనా ఆవిడకు నా ఇంగ్లీషులో సంగతంతా చెప్పి, "బయోడేటా, హరిదళం?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. అది కూర్చుని ఆలోచించి చేసిన మోసం, దానికి వేరే మాటలున్నాయంది. ఆధారం లేకుండా నోటికొచ్చినట్టు నింద వేసి, మరుక్షణం మార్చేస్తేనే ఈ మాట వాడతారట. అల్లుడి వైపు వేలు చూపించి, "దిస్," అంది.

ఆ ఉద్యోగం రాలేదు. తరవాతి వారం బయోడేటాలో అనుభవం ఆరేళ్లయింది, నంబరు ఇంకో ఇంటిదయింది. అక్కడెవరో ఫోను తీరుగా ఎత్తినట్టున్నారు, ఉద్యోగం వచ్చింది. జనవరి వచ్చింది, కంప్యూటర్లు ఆగలేదు. తన వల్లే ఆగలేదని మా అల్లుడు ఇప్పటికీ చెబుతుంటాడు.

ఆ మంగళవారం అక్కడున్నది నేను, మా అమ్మాయి, అల్లుడు, చైనా ఆవిడ. మేనేజరు లేడు. ఫోనులో నేను చెప్పిందీ అదే.