లీజు కారుకు సొంత చక్రాలు

మనిషిని తలుచుకుంటే కడుపులో తిప్పుతుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు, మా బావ దొరికేదాకా.

బావకు హిందీవాళ్ళ ఊరు ఉర్లాలో ఉద్యోగం. కంపెనీ లీజుకు తీసిచ్చిన కారుకున్న నిక్షేపంలాంటి చక్రాలు ఊడదీయించి, పెద్ద అలాయ్ చక్రాలు, వేలెడు మందమే ఉండే పలచటి టైర్లు వేయించాడు. కారు వాపసు ఇచ్చే రోజుకు పనికొస్తాయని పాత చక్రాలను అక్క మంచం పక్కనే పేర్చాడు. ఎక్కడ ఆగినా గొంతుక్కూర్చుని, రుమాలు మీద ఉమ్మి రిమ్ములు తుడిచేవాడు. అదే రుమాలుతో మొహమూ తుడుచుకునేవాడు. అది చూశాక నాకు అన్నం సయించేది కాదు.

అక్కకు నొప్పులొచ్చిన రోజు ముగ్గురం ఆసుపత్రికి బయలుదేరాం. గుంత కనిపిస్తే చాలు, కారు పాకేది.

"ఏమండీ, కాస్త తొందరగా పోనీయండి," అక్క మూలిగింది.

"అరే, ముందు గడ్డా, పెద్ద గుంత ఉంది కదా! రిమ్ము వంగితే?"

"చక్రాలు చంకనెత్తుకో బావా, కారు నేను తోలతా," అన్నాను.

ఆసుపత్రి గేటు దగ్గర అక్కను నేనే దింపి వీల్‌చైర్లో కూర్చోబెట్టాను. బావ అప్పటికే రుమాలు తీసి ముందు చక్రం దగ్గర చతికిలబడ్డాడు. నర్సు కాగితం చాపి, భర్త ఎక్కడని హిందీలో అడిగింది.

అక్క అటు తిరగనైనా లేదు.

"నువ్వే పెట్టరా తమ్ముడూ సంతకం. ఆయన చక్రానికి పురుడు పోస్తున్నారు."