రైయా బఠాణీ సూపు

"వచ్చే నెల తూకంలో ఇంకో అరకిలో తగ్గితే?"

మిర్వా ఈ మాట అనడం ఆ వారంలో నాలుగోసారి. భర్త యౌని గుమ్మంలో బూట్ల బురద దులుపుకుంటూ, "తగ్గితే అప్పుడు చూద్దాం. ప్రస్తుతానికి పిల్ల కంటే నీ మొహమే బరువుగా ఉంది" అన్నాడు.

తగ్గితే ఏమవుతుందో మిర్వాకు తెలుసు. కూతురు హిల్లాను కుయోపియో నగరంలో పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తుందని బడి నర్సు మెత్తగానే చెప్పింది. ఏడేళ్ల పిల్ల, ఆగస్టులో ఒకటో తరగతిలో చేరింది. ఇంట్లో పళ్లెం ముందు కూర్చుంటే బంగాళాదుంప ముక్కను ఈ అంచు నుంచి ఆ అంచుకు తోస్తుందే తప్ప నోట పెట్టదు. మిర్వా పనిచేసేది పాల కర్మాగారం ప్రయోగశాలలో. లెక్కకు అందనిది ఏదున్నా ఆమెకు నిద్ర పట్టదు. పిల్ల తిన్నది, వదిలింది గ్రాముల్లో తూచి ఫ్రిజ్ తలుపు మీద కాగితంపై గీత గీస్తుంది. గీత కిందికే దిగుతోంది.

అలాంటిది, ఒక గురువారం సాయంత్రం హిల్లా చేతితొడుగులు విప్పుతూ తేలిగ్గా అంది. "ఇవాళ బఠాణీ సూపు మూడుసార్లు పెట్టించుకున్నా. రైయా నవ్వింది."

ఎగిరి గంతేయాల్సిన మాట. కానీ సంతోషం వచ్చేలోపే మిర్వా కడుపులో మంట వచ్చి కూర్చుంది. రైయా అంటే బడి వంటామె. అరవై దాటిన మనిషి. కన్నతల్లి పెడితే మూతి తిప్పే పిల్ల ఆవిడ గరిటె కోసం మూడుసార్లు వరుసలో నిలబడిందా?

"గరిటెడా, సగం గరిటెడా?"

"ఏమో. అమ్మా, అక్కడ ఎవరూ అలా అడగరు."

మర్నాడు బడి వంటగదికి ఫోను చేసి, సూపులో ఏం వేస్తావని రైయాను అడిగింది. "బఠాణీలు వేస్తాననుకుంటా" అంది అవతలి గొంతు. "పంది మాంసం కూడా పడుతుందేమో. నీళ్లు పొయ్యకపోతే సూపు కాదంటారు మరి." ఈ సావో ప్రాంతం వాళ్లను ఏదడిగినా ఇంతే. అనడం వరకే వాళ్ల పని, అర్థం చేసుకునే పూచీ వినేవాళ్లది.

బఠాణీలు రాత్రంతా నానబెట్టి, మాంసం గ్రాముల్లో తూచి, శనివారం మిర్వా సూపు కాచింది. నంజుకోవడానికి ఆవాల ముద్ద కూడా పక్కన పెట్టింది. హిల్లా రెండు చెంచాలు తాగి, "రైయా సూపులా లేదు" అంది.

రైయా చక్కెర కలుపుతోంది, అంతే. ఆ అనుమానం తట్టగానే వారం రోజుల్లో మొదటిసారి మిర్వాకు హాయిగా ఊపిరాడింది. ఆ తర్వాతి గురువారం, బడిలో మళ్లీ బఠాణీ సూపు వండే రోజున, పిల్ల సంచిలో ప్రయోగశాల నమూనా సీసా పెట్టింది. "నీ సూపులో రెండు చెంచాలు ఇందులో పోసుకురా. ఎవరికీ చెప్పకు."

సాయంత్రం సీసా మూతదాకా నిండి వచ్చింది. పైన చీటీ అంటించి ఉంది: బఠాణీ సూపు, తేదీ, పదీ నలభై అయిదు, డెబ్భై నాలుగు డిగ్రీలు, రైయా సంతకం. బడి వంటగదుల్లో ప్రతి వంటకంలోనూ కొంచెం తీసి, ఇలాగే చీటీ రాసి, తనిఖీ కోసం గడ్డకట్టించి దాస్తారు. దీని మీద అదనంగా ఒక వాక్యం ఉంది: "చాలకపోతే గిన్నె పంపు."

"చెప్పొద్దన్నానా?"

"నేను చెప్పలేదు. రైయానే చూసింది. మీ అమ్మ కూడా తిండి తినదా అని అడిగింది."

మిర్వా చెవులు ఎర్రబడ్డాయి. అయినా మర్నాడు భోజనాల వేళ ప్రయోగశాలలో సూపును పరీక్ష చేసింది. బఠాణీల్లో సహజంగా ఉండే తీపి తప్ప చక్కెర పలుకు లేదు. ఉప్పు తన సూపులోకంటే తక్కువ. ఓడిపోవడం ఒక ఎత్తు, దశాంశాలతో సహా ఓడిపోవడం ఇంకో ఎత్తు.

సోమవారం సెలవు పెట్టి, కడిగిన సీసా తిరిగిచ్చే నెపంతో బడికి వెళ్లింది. రైయా ఆశ్చర్యపోలేదు.

"వస్తావనే అనుకున్నా. రావేమో అని కూడా అనుకున్నా. జుట్టుకు ఈ వల కట్టుకుని చేతులు కడుక్కో, అమ్మాయ్. సోమవారం సాయానికి మనిషి కావాలి."

"సోమవారమే ఎందుకు?"

"శుక్రవారం ఇక్కడ తిన్నాక మళ్లీ వేడి తిండి ఎరగని పిల్లలు కొందరుంటారు. సోమవారం ఒక గంగాళం ఎక్కువ కాస్తా."

పొయ్యి మూల చిన్న గిన్నెలో ఓట్ల జావ అడుగంటి ఉంది. పొద్దున ఖాళీ కడుపుతో వచ్చేవాళ్ల కోసమట.

"నీ డ్యూటీ ఎనిమిదింటికి కదా, ఇదెప్పుడు కాచావు?"

"మా ఇంట్లో గడియారం కొంచెం ముందు నడుస్తుందేమో."

ఆ మంచితనం కూడా మిర్వాకు గుచ్చుకుంది. ఏదో ఒక లోపం దొరికితే బాగుండుననిపించింది.

పిల్లలు వరుసగా వచ్చారు. రైయా హిల్లా పళ్లెంలో ఒక్క గరిటె చేపల సూపు పోసి, చూపు తిప్పేసుకుని, వెనక పిల్లవాడి ఊగే పన్ను సంగతి అడిగింది. హిల్లా వెళ్లి కూర్చుంది, తింది, మళ్లీ వచ్చింది. మళ్లీ ఒక్క గరిటె. శెభాష్ అనలేదు, లెక్కపెట్టలేదు. రెండోసారి తింటుండగా పిల్ల తలెత్తి, గంగాళాల వెనక ఉన్న తల్లిని చూసింది. చెంచా గాల్లోనే ఆగిపోయింది.

మిర్వా పిల్ల వైపు ఒక అడుగు వేసింది. రైయా ఆమె చేతిలో జావ గిన్నె పెట్టి, "అటు తిరిగి ఇది తోము" అంది.

తిరిగింది. అడుగంటిన జావను గోళ్లతో గీకుతూ చెవులు రిక్కించింది. చాలాసేపటికి వెనకనుంచి, చెంచా పళ్లేనికి తగిలిన చప్పుడు వినిపించింది. మళ్లీ ఇంకోసారి.

"నీకేం, రెండొందల మంది" అంది మిర్వా, తల తిప్పకుండానే. "నాకున్నది అదొక్కతే."

"అదే మరి. ఒక్కొక్కళ్ల పళ్లెంలోకి తొంగిచూసే తీరిక నాకు లేదు."

నెల తర్వాత తూకంలో ముల్లు మూడొందల గ్రాములు పైకి జరిగింది. అందులో ఇంటివెన్ని, బడివెన్ని అని మిర్వా లెక్క మొదలుపెట్టి, మానేసింది. ఫ్రిజ్ మీద కాగితం లేదు. గురువారం సాయంత్రాలు మాత్రం కడుపులో ఆ మంట ఇంకా లేస్తుంది. అప్పుడు, ఆ సోమవారం బడి వంటగది నుంచి బయల్దేరుతుంటే రైయా తడిగుడ్డ పిండుతూ అన్న మాట గుర్తు చేసుకుని అలాగే చేస్తుంది:

"ఒక్క గరిటె పెట్టు. తర్వాత నీ పళ్లెం వైపు చూసుకో. నీ సూపు కూడా చల్లారిపోతుంటుంది, తాగు."