ఉరికే చేతుల సైదులు

సైదులును ఒకచోట కూర్చోబెట్టడం వాళ్ళమ్మ వల్ల కాలేదు, బడిపంతులు వల్ల కాలేదు, పెళ్ళాం మైసమ్మ వల్ల అసలే కాలేదు. చేవెళ్లలో అందరికీ తెలుసు, అతను అన్నం కూడా గోడకు ఆనుకుని నిలబడే తింటాడు. మెడలో సైడ్ డ్రమ్ము వేసుకుని పెళ్లికొడుకు ముందు నడవడమే అతని బతుకు. అలాంటివాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి ‘మెల్లగా వాయించు’ అంటే ఎట్లా ఉంటుంది? కోతిని కట్టేసి జపం చెయ్యమన్నట్టు ఉంటుంది.

చివరికి కూర్చోబెట్టింది ఎడమ మోకాలు. బరాత్ సగం దూరం పోయేసరికి అది మొరాయించేది. కుంటు కనబడకుండా సైదులు వెనక వరుసలోకి జరిగాడు. బ్యాండు మాస్టరు భిక్షపతి మాత్రం గుడ్డివాడా?

“నడువనోడు బరాత్‌ల ఏం జేస్తడే? ఇగ ఇంటికాడ ఉండు” అనేశాడు.

బామ్మర్ది కృష్ణయ్య చందనవెల్లిలో ఒక కంపెనీకి వాచ్‌మన్‌గా పెట్టిస్తానన్నాడు. సోమవారంలోగా అవుననో కాదనో చెప్పాలి. డ్రమ్ము లేకుండా గేటు పక్కన కుర్చీలో పొద్దంతా! దానికంటే జైలు నయమనుకున్నాడు సైదులు. మైసమ్మ ఏమడిగినా కసురుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మేఘ కబురు పెట్టింది. ఊళ్ళో పెద్ద రైతు కుటుంబం వాళ్ళమ్మాయి, తండ్రి సర్పంచిగా చేసినవాడు. ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది గానీ ప్రాణమంతా గిటారు మీదే. కనకమామిడిలో వాళ్ళ బాబాయి ఫామ్‌హౌస్ ఉంది. శనివారం సాయంత్రాలు పట్నం జనం తిండికీ పాటకూ అక్కడికి వస్తారు. మేఘ అక్కడ బ్లూస్ అనే అమెరికా నల్లవాళ్ళ పాటలు వాయిస్తుంది. డ్రమ్మరు బెంగళూరు వెళ్ళిపోయాడు. మేఘ తన అన్న పెళ్లి బరాత్‌లో విన్న సైదులు చెయ్యి ఆమెకు గుర్తుంది.

“కూసోని వాయించుడే అన్నా, నడిచే పని లేదు. శనివారం మంచిగొస్తే ఈ జాగ నీదే. లేకుంటే మా బాబాయి పట్నం నుంచి వేరేటోణ్ణి తెస్తనంటున్నడు” అని ఉన్నమాట చెప్పింది.

సైదులు ఎగిరి గంతేసినంత పని చేశాడు. మొదటి రోజే ఆ సంబరం చల్లారిపోయింది. డ్రమ్ సెట్ ముందు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని, మేఘ పాట ఎత్తుకోగానే పెళ్లివారంతా హాలు గేటు దగ్గరికి వచ్చేసినట్టు దంచాడు.

“ఎవలు తరుముతున్నరన్నా? దుఃఖమున్నోడు ఉరుకుతడా? తాపీగ నడుస్తడు. బ్లూస్ అంటే గంతే. మూడు దెబ్బలనుకో, నడిమి దెబ్బ మింగెయ్యి.”

మింగమంటే మింగుడు పడుతుందా? రోజూ చేవెళ్ల నుంచి ఆటోలో ఫామ్‌హౌస్‌కు రావడం, చెమటలు కక్కడం, తిట్టుకుంటూ పోవడం. మేఘ ఫోన్‌లో టిక్కు టిక్కుమనే తాళం పెడితే దాన్ని కూడా దాటి పరుగెత్తాడు. చేతులు కొరుక్కోవాలన్నంత కోపం వచ్చేది అతనికి.

ఒకరోజు ఆటో దిగి గేటు నుంచి వస్తుంటే మేఘ అరుగు మీంచి కేకేసింది.

“అన్నా, ఆగు! మళ్ళ గేటుకాడికి పోయి నడిచి రా.”

సైదులు మొహం మాడిపోయింది. “కుంటోణ్ణి నడిపిచ్చి నవ్వుకుంటవా అమ్మా?”

“నవ్వుతలేనన్నా. నీ అడుగులు ఇను జర.”

సైదులు మళ్ళీ నడిచాడు. కుడికాలు నేలమీద నిదానంగా ఆగుతోంది, ఎడమకాలు ముట్టీ ముట్టనట్టు తేలిపోతోంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మేఘ దాని వెంటే చప్పట్లు కొట్టింది. ఇన్నాళ్లూ అందరికీ కనబడకుండా దాచుకున్న కుంటును ఒక ఆడపిల్ల తాళంగా కొడుతుంటే సైదులుకు సిగ్గేసింది, ఆ వెనకే కళ్ళు చెమ్మగిల్లాయి. లోపలికి వెళ్లి కూర్చుని తన నడకనే వాయించాడు. నడిమి దెబ్బ దానంతటదే మాయమైంది. బేస్ గిటారు వాయించే సన్నీ “వారెవ్వా!” అన్నాడు.

శనివారం వచ్చింది. ఫామ్‌హౌస్ పచ్చిక మీద బల్లలన్నీ నిండాయి. మొదటి పాట చక్కగా మొదలైంది. బాబాయి తల ఊపుతున్నాడు కూడా. ఇంతలో ఎర్రచీర కట్టుకున్న ఒకావిడ లేచి ఆడసాగింది. ఆమె వెంట ఇంకో నలుగురు.

అంతే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. బరాత్‌లో డ్రమ్ము వాయించేవాడు పాట వినడు, ఆడేవాళ్ళ కాళ్ళు చూస్తాడు. కాలు లేస్తే చెయ్యి లేవాలి, అదే ఆ పనిలో నేర్చిన మర్యాద. సైదులు చేతులు ఆ కాళ్ళ వెంట పడ్డాయి. వాళ్ళు ఇంకా ఎగిరారు, ఇతను ఇంకా దంచాడు. గిటారు ఒక దిక్కు, బేస్ ఒక దిక్కు అయి పాట నడిమధ్యలో కూలిపోయింది. ఎవరో పకపకా నవ్వారు. బాబాయి మొహం గంటు పెట్టుకుని ఫోన్ తీశాడు.

సైదులు పుల్లలు కింద పెట్టేశాడు. “నాతోని గాదమ్మా. కాళ్ళు కండ్లవడ్డయంటే నా చేతులు నా మాట ఇనయి.”

 మేఘ చెప్పులు విడిచి, గిటారుతో సహా వచ్చి సరిగ్గా అతని ఎదురుగా నిలబడింది. జనానికి ఆమె వీపే కనబడుతోంది.

“కాళ్ళే చూసుడు అలవాటైతే చూడు. నిన్ను ఒద్దంటున్ననా? కాని నా కాలొక్కటే చూడు. ఇయ్యాల బరాత్ నాది.”

ఆమె కుడిపాదం పచ్చిక మీద మెల్లగా లేచి పడింది. సైదులు పుల్లలు తీసుకుని ఆ పాదం మీదే చూపు నిలిపాడు. ఆమె వెనక ఎర్రచీర గిరగిరా తిరుగుతోంది, ఎవరో ఈల వేశారు, అతని భుజాలు ఉరుకుతామని పీకుతున్నాయి. ఆ పాదం మాత్రం కదలవలసినప్పుడే కదిలింది. పళ్ళు బిగబట్టి దాని వెంటే పోయాడు. కాసేపటికి ఆడేవాళ్ళే ఆ నిదానానికి దిగివచ్చారు. పాట చివరిదాకా వెళ్ళి, పాదం ఆగింది, చేతులు ఆగాయి.

జనం చప్పట్లు కొడుతున్నారు, బాబాయి కూడా ఫోన్ జేబులో పెట్టేసి చేతులు కలిపాడు. బరాత్‌లో పెళ్లికొడుకు పెళ్లి హాలు గేటు చేరగానే పాట ఎక్కడుంటే అక్కడ తెగిపోతుంది. అందరూ లోపలికి పోతారు, బ్యాండువాళ్ళు బయటినుంచి బయటికే. చప్పుడు ఆగితే అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలి, సైదులుకు తెలిసింది అదే. పుల్లలు చంకలో పెట్టుకుని, మోకాలు పట్టుకుని గబగబా లేచాడు.

“ఎటు పోతున్నవన్నా?” అంది మేఘ. “ఇంక మస్తు పాటలున్నయి. కూసో.”

సైదులు కూర్చున్నాడు.