బెల్లం కొరకలేని మునిశేఖర్

చిత్తూరు బెల్లం మండీలో సరుకు కొనే మునిశేఖర్‌కు కళ్లకన్నా నోటిమీద నమ్మకం ఎక్కువ. ముద్ద అంచు విరిచి ఎడమ దవడ పన్ను కింద నలిపాడంటే, ఆ చెరకు చౌడు నేలదో ఎర్ర నేలదో చెప్పేసేవాడు. చౌడు నేల బెల్లంలో చివరన సన్నగా ఉప్పు తగులుతుంది. రంగు చూసి మోసపోయేవాళ్లు చాలామంది.

ఆ ఎడమ పన్నే పుచ్చింది. డాక్టరమ్మ రూపశ్రీ పంటి రంగు మందు పెట్టి పూడ్చింది. నెల తిరగకముందే, తీపి తగిలితే చాలు, లోపల సూది దిగినట్టు జివ్వుమనడం మొదలైంది.

పన్ను కన్నా ఎక్కువ బాధ కుప్పయ్యతో. ఆయనా బెల్లం కొనేవాడే. అదే డాక్టరమ్మ దగ్గర, అదే వారంలో, అలాంటి పన్నే పూడ్పించుకున్నాడు. రోజూ ఎదురుగా నిలబడి కటుక్కున కొరుకుతున్నాడు.

"ఏం శేఖరా, ఈమధ్య సూడ్డంతోనే సరిపెట్టుకుంటా ఉండావే?" అన్నాడొకనాడు అందరిముందూ.

"నీ మాదిరి కనపడిందంతా నమిలేదానికి నాది నోరన్నా, గానుగ కాదు."

అన్నాడే గాని, ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా ఆ కటుక్కుమన్న చప్పుడే చెవుల్లో.

"ఆయనకు మంచి మందు పెట్టి నాకు మిగిలింది పూసింది ఆయమ్మ," అన్నాడు భార్య మోహనతో.

"ఆయప్ప పన్ను సంగతి నీకెందుకు? పోయి నీది సూపించుకో."

పోలేదు. ఆ పంతంలోనే ఒక లోడు కొరకకుండా, రంగు చూసి కొన్నాడు. ఉప్పని సరుకు. తీసుకుపోయినవాళ్లు తిప్పి పంపారు. కుప్పయ్య ఏమీ అనలేదు, కనీసం నవ్వలేదు. అది ఇంకా మండింది. నేరుగా ఆస్పత్రికి పోయాడు.

"కుప్పయ్యన్నకు పెట్టింది ఏ మందు, నాకు పెట్టింది ఏ మందు?"

"ఇద్దరికీ ఒకటే," అంది రూపశ్రీ. "ఆయన కదలకుండా పడుకున్నాడు. మీరు నోటికి రబ్బరు గుడ్డ వద్దంటిరి, మాట్లాడేదానికి కుదరదని. మధ్యలో లేచి ఫోన్లో బేరమాడితిరి. ఎంగిలి తడి తగిలింది. మీరు తొందరపెడితే నేనూ మందంతా ఒకేసారి పెట్టేసినా. అది నా తప్పే."

"పెడితే ఏమవుతాది?"

"లైటుకి గట్టిపడేటప్పుడు మందు ముడుచుకుంటాది. ముద్దగా పెడితే పంటి గోడను వదిలేస్తాది. చిగురు పక్కన సందు పడి, తీపి నీళ్లు లోపలికి దిగతాయి. కొంచెం కొంచెంగా ఓరగా పెట్టి, పొర పొరకూ లైటు చూపిస్తేనే గట్టిగా పట్టుకునేది. పాతది తీసేసి మళ్లా పెడతా. రేపు పొద్దున రండి."

పొద్దునంటే మండీలో వేలం పాట జరిగే వేళ. పైగా మేలు బెల్లం తెచ్చే పలమనేరు రైతు సరుకు వచ్చేది రేపే. సాయంత్రాలు ఖాళీ లేదంది డాక్టరమ్మ.

మర్నాడు పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా నోటికి రబ్బరు గుడ్డ బిగించింది. ఫోను తలుపు బయట కూర్చున్న మోహన దగ్గరుంది. అది మోగింది.

"పలమనేరు బండి వచ్చిందంట," అంది మోహన తలుపు సందులోంచి. "కుప్పయ్యన్న ఆడే ఉండాడంట."

మునిశేఖర్ చెయ్యి లేచింది. రూపశ్రీ ఆగింది.

"లేస్తారా? తడి తగిలితే మళ్లా మొదటికే."

చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, కుర్చీ చేతిని పట్టుకుంది. ఆమె ఇంకో పొర పెట్టింది, నీలం లైటు చూపింది. కళ్లు మూసుకుంటే కుప్పయ్యే. ముద్ద విరుస్తున్నాడు. కొరుకుతున్నాడు. తలూపుతున్నాడు. మునిశేఖర్ కదల్లేదు.

మత్తు సూది తిమ్మిరి దిగాక సాయంత్రం మండీకి పోయాడు. పలమనేరు సరుకంతా కుప్పయ్య కొట్టు ముందు దించి ఉంది. కుప్పయ్య ఒక ముద్ద అంచు విరిచి ఇచ్చాడు.

"కొరికి సూడప్పా."

ఎడమవైపే పెట్టి కొరికాడు. జివ్వుమనలేదు. ఉప్పు ఛాయే లేని బెల్లం, నిలువెల్లా తీపి. ఇంత మంచి సరుకు ఈ సంవత్సరంలో తగల్లేదు. దాంతో కడుపులో కుళ్లు ఇంకాస్త పెరిగింది.

"ఎట్టుండాది?"

"పర్వాలేదులేన్నా," అంటూ ఇంకో ముక్కకు చెయ్యి చాపాడు.