మసీరాకు పోయిన చీరలు

మధ్యాహ్నం రెండు దాటితే సిద్దిపేటలో మా మ్యాచింగ్ సెంటర్‌కు గిరాకీ ఉండదు. ఆ వేళకు మా ఆయన కౌంటర్ చివర స్టూలు మీద కూర్చుని, నాకు వీపు చూపించి, ఫోన్ చూస్తాడు. ఆ వీపు దగ్గరే నాకు అనుమానం మొదలైంది. సినిమా చూసే మనిషి నవ్వుతాడు, క్రికెట్ చూసే మనిషి తిడతాడు. ఈయన నవ్వడు, తిట్టడు. చూసి, వేలితో వెనక్కి జరిపి, మళ్లీ అదే చూస్తాడు. లైనింగ్ గుడ్డ కోసం నేను అటు లేచానా, ఫోన్ బోర్లా పెట్టేస్తాడు.

పద్నాలుగేళ్లు దేశం కాని దేశంలో ఉండి వచ్చిన మొగుడు ఫోన్ బోర్లా పెడితే ఏ ఆడదానికి మనసు నిమ్మళంగా ఉంటుంది చెప్పండి?

ఆయనది దుబ్బాకలో నేత ఇల్లు. మగ్గం కూడు పెట్టడం మానేశాక ఆయన ఒమాన్ పోయాడు, నేను సిద్దిపేటలో షాపు కోసం ఈ మడిగె కిరాయికి తీసుకున్నాను. అక్కడ మసీరా అని ఒక దీవి. చేపల పడవలకు ఐసు చేసే ఫ్యాక్టరీలో పని. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. వచ్చినప్పుడల్లా నేను అడిగేదాన్ని, "ఎట్లుంటది గాడ?" అని. ఆయన ఒకటే చెప్పేవాడు.

"ఏమున్నదే గాడ? ఇసుక, గాలి, చేపల వాసన."

పద్నాలుగేళ్లూ ఇదే మాట. ఫోటో పంపమంటే తెల్ల గోడకు ఆనుకుని నిలబడి పంపేవాడు. "నీ వెనక ఏమున్నదో గా ఫోటో పంపు" అని ఒకసారి పోరు పెడితే ఉత్త గోడ ఫోటో పంపాడు. అంత అమాయకుడు అనుకుని నవ్వుకున్నాను. పిచ్చిదాన్ని! ఐసు గడ్డలు మోసి మోసి మోకాళ్లు మొరాయించాక, రెండేళ్ల కింద పూర్తిగా వచ్చేశాడు. వచ్చినప్పటి నుంచి షాపులో నాతోనే ఉంటున్నాడు.

ఒకరోజు ఆయన ఛాయ్ తేవడానికి పోయి ఫోన్ మరిచిపోయాడు. తీశాను. మొగుడి ఫోన్ తీయడం మర్యాద కాదని నాకూ తెలుసు. మర్యాద తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

ఊళ్లు తిరిగే ఎవరో తెలుగాయన చేసిన వీడియో అది. ప్రపంచంలో ఎక్కువమంది పోని పది జాగలట. ఓడ తప్ప దారిలేని, నడి సముద్రంలోని ఒక దీవి. మంచు దేశంలో ఎర్ర ఇళ్లు, పసుపు ఇళ్లున్న పల్లె. గొడుగుల్లాంటి చెట్లున్న ఇంకో దీవి. నాలుగోది మసీరా. తెల్లటి ఇసుక. ఏ కంపెనీ లైనింగ్ గుడ్డలోనూ నేను చూడని నీలం రంగు నీళ్లు. బట్టలు పిండే తొట్టెలంత తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడుతున్నాయి. పొడుగు కాళ్ల గులాబీ పిట్టలు బారులు తీరి నిలబడ్డాయి. ఇలాంటి చోటు చూడటానికి జీవితంలో ఒక్కసారైనా రావాలని ఆ వీడియో ఆయన చేతులు చాపి చెబుతున్నాడు.

నా ఒళ్లు భగ్గుమంది. ఇసుక, గాలి, చేపల వాసన అట!

అంతటితో ఆగినా బాగుండేది. మా ఆయన వీడియో ఆపి పెట్టుకున్న చోటు చూశాను. తాబేళ్ల దగ్గర కాదు, పిట్టల దగ్గర కాదు. చేపలు ఎండబెట్టే దొడ్డి. మధ్యలో ఒక ఆడామె. ముఖానికి ముసుగు, రెండు కళ్లు మాత్రం బయటికి. కాటుక పెట్టిన ఆ కళ్లు తిన్నగా నన్నే చూస్తున్నాయి. ఇంతకాలం కళ్లు మూసుకుని పక్కన పడేసిన సంగతి ఒకటి అప్పుడు లేచి కూర్చుంది.

చీరల సంగతి. సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఆయన దుబ్బాక పోయి, వాళ్లన్న మగ్గం మీద కూర్చుని తన చేత్తో ఒక చీర నేసి తెచ్చేవాడు. నేను మురిసిపోయి దానికి సరిపోయే జాకెట్ కుట్టించుకునేదాన్ని. "నాలుగు దినాలు కట్టుకో, గంజి పోనీ" అనేవాడు. కట్టుకునేదాన్ని. ఉతికి, మెత్తబడ్డాక, ప్రయాణం ముందురోజు ఆ చీర ఆయన బ్యాగులోకి పోయేది. "గిదెందుకయ్యా?" అంటే, "రూముల పనికొస్తది" అనేవాడు. అలా ఆరు చీరలు మసీరాకు పోయాయి. నా పెట్టెలో చీరల్లేని జాకెట్లు ఆరు మిగిలాయి. ఊరందరికీ మ్యాచింగ్ చూసిపెట్టే దాన్ని, నా ఇంట్లో మాత్రం ఏ జాకెట్‌కూ జోడీ లేదు.

మా షాపు ముందు మెషిన్ పెట్టుకుని ఫాల్స్ కుట్టే ఆమెకు చెప్పాను. ఆమె దారం తెంపకుండానే తేల్చేసింది.

"అక్కా, మొగోడు చీర తీస్కపోతె ఆడిదానికే ఇస్తడు గని, గోడకు కడ్తడా? పైంగ నీతోని కట్టించి, మెత్తగ జేయించి మరీ తీస్కపోయిండు. ఎంత ఉషారు!"

మసీరాలో మా ఆయనతో ఒకే రూములో ఉండి వచ్చిన మనిషి ఒకడు దుబ్బాకలో ఉన్నాడు. నన్ను వదినా అంటాడు. అతనికి ఫోన్ చేసి, అటూ ఇటూ తిప్పకుండా అడిగాను, మా ఆయన చీరలు ఎవరికిచ్చేవాడని. అవతల పకపకా నవ్వు.

"చీరలా వదినా? గా ముచ్చట అన్ననే అడుగు. నేను చెప్తే బాగుండది." ఫోన్ పెట్టేశాడు.

ఇంకేం కావాలి? ఊరంతా తెలుసు, నాకే తెలియదు. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కంచం పెట్టేదాన్ని, తీసేదాన్ని. మనసు మనసులో లేక ముదురు నీలం చీరకు నల్ల ఫాల్ ఇచ్చి, ఇన్నేళ్లలో మొదటిసారి గిరాకీతో మాటలు పడ్డాను. ఆయన పొద్దున జుట్టుకు రంగు వేసుకున్నా ఎవరికోసమని చూశాను, వాళ్లన్న దగ్గరికి పోయొస్తానన్నా నిజంగా అక్కడికేనా అని చూశాను. ఆమె ఎవరో తేలితే షట్టర్ దించి మా తల్లిగారింటికి పోవాలని నిశ్చయించుకున్నాను. జ్వరమొస్తే ఒక్కదాన్నే దవాఖానకు పోయాను. పండగలు ఒక్కదాన్నే చేసుకున్నాను. ఆ పద్నాలుగేళ్లు ఈ మనిషి మాట మీద నమ్మకంతో గడిపాను. ఆ మాటే అబద్ధమైతే నేను బతికిన బతుకేమిటి?

నాలుగో రోజు మధ్యాహ్నం మళ్లీ వీపు కనిపించింది. పోయి ఫోన్ లాక్కున్నాను. వీడియో సరిగ్గా అక్కడే ఆగి ఉంది.

"ఎవరయ్యా గీమె?"

"ఎవరు?"

"నాటకాలొద్దు. చేపలు ఎండబెడ్తున్నామె."

ఆయన ముందుకు వంగి, ఆమెను అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. "గీమెనా? ఎవరో ఏందో."

"మరి దినాం గీడనే ఎందుకు ఆపుతున్నవ్? నేనొస్తే ఎందుకు దాస్తున్నవ్? గన్ని తాబేళ్లున్నయి, గన్ని పిట్టలున్నయి, ఒక్కనాడన్న చెప్పినవా నాకు?"

"నేను జూస్తే గద చెప్పెతందుకు."

"పద్నాలుగేండ్లుండి జూడలేదా? నా చెవుల పువ్వులున్నయా?"

ఆయన తల దించుకున్నాడు. "రాత్రంత ఐసు పని. పొద్దుగాల రూముకొచ్చి పండుడు. శుక్రారం బట్టలు పిండుడు. తాబేళ్ల జాగ దీవికి అవతలి దిక్కట. మమ్ముల ఎవరు తీస్కపోతరే? గవన్ని గాడ ఉన్నయని గీ ఫోన్ల జూసినంకనే ఎరుకైంది. గన్నేండ్లుండి గా జాగనే తెల్వదంటే సిగ్గు గాదా? నువ్వు నవ్వుతవని బోర్లేసిన."

అయినా అనుమానం అంత తేలిగ్గా పోతుందా?

"మరి చీరలు?"

ఆయన ఫోన్ తీసుకుని, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు. ఆమె కాటుక కళ్లు పక్కకు జరిగిపోయాయి. భుజం జరిగిపోయింది. వెనక రేకుల షెడ్డు, దానికొక చిన్న కిటికీ వచ్చాయి.

"గిదే మా రూము. కిటికీ ముంగటనే సముద్రం. పొద్దుగాల పండుకుందామంటే నీళ్ల మీది ఎండ కండ్లల్ల కొడ్తది. గందుకే చీర కట్టేటోన్ని. గాడి గాలికి రెండేండ్లకు పీలికలైతది, మల్ల కొత్తది కడ్తుంటి. గంజి బట్టైతే టపటప కొట్టుకుంటది, ఎవ్వలకు నిద్ర రాదు. గందుకే ముందు నిన్ను కట్టుకోమనేటోన్ని."

"గాడ దుప్పట్లు దొరకవా?"

"దొరుకుతయి." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "దుప్పటైతే లేస్తనే దుప్పటి కనవడ్తది. నీ చీరైతే నువ్వు కనవడ్తవ్. రూమోళ్లందరు నవ్వుతుండ్రి, అన్న పెండ్లాం కిటికీల నిలవడ్డదని."

దుబ్బాక మనిషి పకపకలు అప్పుడు అర్థమయ్యాయి.

నేను ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాను. ఆ కిటికీలో నిజంగానే ఒక గుడ్డ గాలికి ఉబ్బి ఉంది. చిలకపచ్చ, వక్కరంగు అంచు. కొసలు పీలికలై, ఎండకు వెలిసి, పెట్టెలో ఉన్న నా జాకెట్ కన్నా మూడు షేడ్లు తేలిపోయింది. రంగు చూసి బతికే దాన్ని, ఆడమనిషి కళ్లలో పడి నా చీరను నేనే గుర్తుపట్టలేదు. అది ఆయన కట్టిన ఆఖరిది. వీడియో కింది తేదీ ఆయన వచ్చేసిన మరుసటి నెలది; అప్పటికీ దాన్ని ఎవరూ విప్పలేదు.

ప్రపంచమంతా ఒక్కసారైనా చూడాలనుకునే సముద్రానికి, మా ఆయన కళ్లకు మధ్య పన్నెండేళ్లు నా చీర ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. ఫాల్స్ కుట్టే ఆమె మెషిన్ ఆపి చూస్తున్నా ఆగలేదు.

ముక్కు తుడుచుకుని స్టూలు ఆయన పక్కకు లాక్కున్నాను.

"ఇటు దిరిగి కూసో. గా తాబేళ్లు వచ్చే కాడినుంచి పెట్టు, ఇద్దరం జూద్దాం."