గిన్నె దాటించే అక్క

ఉయ్యూరులో మా చర్చికి అందరికన్నా ముందు వచ్చి చాపలు పరిచే అక్క ఒకావిడ ఉండేది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇచ్చేటప్పుడు రొట్టె భక్తిగా తినేది. ద్రాక్షరసం గిన్నె వచ్చేసరికి మాత్రం ఊపిరి బిగబట్టి, చుక్కైనా తాగకుండా, పక్కనే కూర్చున్న నాకు అందించేసేది. ఆ ఊపిరి బిగబట్టడమే నాకు వింతగా ఉండేది.

"ఏదో పాపం ఒప్పుకోలేదు. అందుకే గిన్నె ముట్టదు," అని వెనక వరుస ఆడవాళ్లు తేల్చేశారు. ఆ మాట ఆవిడ చెవినా పడింది.

ఒకరోజు ఆవిడ చాపలు చుడుతుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"బెజవాడలో మందు మాన్పించే ఆసుపత్రిలో మూడు నెలలున్నా చెల్లీ. ఇప్పటికీ ప్రతి గురువారం వెళ్లొస్తా. గిన్నెలో ఉండేది ఉత్త రసమేనని నాకు తెలుసు. నా ముక్కుకీ, నాలిక్కీ తెలీదుగా!"

"ఆ మాటే వాళ్లకి చెప్పొచ్చుగా అక్కా?"

"పాపమంటే క్షమిస్తారు. ఆడది తాగేదంటే క్షమిస్తారా?" అని నవ్వి, చాప చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

మరుసటి నెల ఆవిడ గిన్నె నా చేతికిచ్చింది. నేనూ తాగకుండా పక్కకి అందించాను. వెనక గుసగుసలు మొదలయ్యాయి, ఈసారి ఇద్దరి మీదా.